హద్దురాళ్ల కావలి అడవి

మద్రాసు రాజధానిలో అటవీశాఖ వెలసి, వైద్యుడును వృక్షశాస్త్రవేత్తయు నగు హ్యూ క్లెగ్‌హారన్ దానికి ప్రథమాధిపతి యైన 1856వ సంవత్సరముననే రాయపురమునుండి ఆర్కాటువైపునకు తొలి పొగబండి కదలెను. ఇది కాకతాళీయమని నే ననుకొనను. పట్టాలక్రింది దిమ్మెలకును ఇంజనులలోని కట్టెలకును అడవియే యాధారము గావున, అంతవరకు ఏలికలు అంతగా పట్టించుకొనని కొండలు సైతము సర్కారు సొత్తుగా కనబడసాగెను.

ఆ సొత్తుపై పూర్ణస్వామ్యము మాత్రము సులభముగ చిక్కలేదు. 1878 నాటి భారతారణ్య శాసనము మద్రాసునకు వర్తింపలేదు. అందుకు అడ్డుపడినవారు రైతులు గారు, ఉద్యమకారులు గారు, సర్కారువారి రెవిన్యూ బోర్డు దొరలే! ఏదో యొక యూరి పొలిమేరకు చెందని యడవి ఈ రాజధానిలో నరుదనియు, పసులమేత, వంటచెరకు, నాగలికర్ర, ఆకుటెరువులపై గ్రామస్థుల యనుభవము తరతరాల నాటిదనియు వారు వాదించిరి. శిస్తు రావలెనన్న ఎద్దు బ్రతుకవలెను, ఎద్దు బ్రతుకవలెనన్న బీడుండవలెను గదా. జాలికంటె ఈ లెక్కయే వారిచే నట్లు పలికించెనని నా తలంపు.

తుదకు జర్మనీదేశీయుడగు అటవీనిపుణుడు బ్రాండిస్ సలహాపై 1882లో మద్రాసు అటవీ శాసనము వెలువడెను. దాని క్రమ మిది: తొలుత గజెట్టులో ప్రకటన, పిదప ఫారెస్టు సెటిల్మెంటు ఆఫీసరు గ్రామములందు దేశభాషలో చాటింపు వేయించి, గడువులోపల మనవి చేసికొన్నవారి హక్కులను విచారించి, కొన్నిటిని ఒప్పి, కొన్నిటిని త్రోసిపుచ్చి, కొన్నిటికి పరిహార మిప్పించుట, ఆపై తుది ప్రకటన, హద్దురాళ్లు. చూచుట కెంత ధర్మబద్ధము! కాని గడువులోపల నోరు విప్పనివాని హక్కు నశించును. మందవెంట ఊరూరు తిరుగు గొల్లవాడు ఆ చాటింపును ఎక్కడ వినును? తరువాత నదే బీడునకు గొఱ్ఱెను తోలవలెనన్న పుల్లరి యను మేతపన్ను చెల్లించి పర్మిట్టు పొందవలెను; లేనిచో మంద బందెలదొడ్డి పాలు.

వానలు చాలని పల్నాట ఈ బాధ దుస్సహమై, సహాయనిరాకరణపు గాలి సోకిన 1921లో గ్రామములు పుల్లరి మాని, ఉద్యోగులను వెలివేసెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున పోలీసు కాల్పులకు ఆ పోరు నాయకుడగు కన్నెగంటి హనుమంతు నేలకొరిగెను. ఆ వీరుని శౌర్యమును మనము వేనోళ్ల కొనియాడుదుము గాని, అంతకు నలువదియేండ్ల క్రిందటి సెటిల్మెంటు దస్త్రముల యూసెత్తువారు అరుదు.

స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ శాసనమును ఆ ప్రకటన-విచారణ క్రమమునే చాలవరకు నిలుపుకొన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము మాత్రము పసులమేతను సాముదాయిక హక్కుగా నెంచి, మనవిని తొలుత గ్రామసభయే విచారింపవలెననెను. ఊరి పెద్దల వాఙ్మూలమును వ్రాతబెట్టిన నది సాక్ష్యముగ చెల్లునని తన్నియమములు చెప్పుచున్నవి. అయినను గిరిజనేతరుడగు కాపరి, తన వంశము 2005 డిసెంబరు 13కు పూర్వము మూడు తరములు, అనగా 75 ఏండ్లు, ఆ యడవి నాశ్రయించి బ్రతికినదని నిరూపింపవలెను.