సముద్రం వదిలింది, కోటా పట్టుకుంది

పూన్ లిమ్ చైనాలోని హైనాన్ దీవివాడు. బెన్ లోమండ్ అనే బ్రిటిష్ సరుకుల ఓడలో స్టీవార్డు. 1942 నవంబరు 23న అట్లాంటిక్‌లో ఆ ఓడని జర్మన్ సబ్‌మెరీన్ ముంచేసింది. ఓడలో వాళ్ళందరిలో బతికింది అతనొక్కడే.

కొయ్య తెప్ప మీద 133 రోజులు గడిపాడు. తెప్పలో ఉన్న బిస్కెట్లు, నీళ్ళు అయిపోవస్తుంటే, లైఫ్ జాకెట్ గుడ్డతో వాననీళ్ళు పట్టాడు. టార్చిలైటు తీగ వంచి గాలం చేశాడు. దొరికిన చేపల్ని ఎండబెట్టుకు తిన్నాడు. 1943 ఏప్రిల్‌లో బ్రెజిల్ జాలరులు అతన్ని కాపాడారు. బ్రిటన్ పతకమిచ్చి గౌరవించింది.

చాలామంది కథని ఇక్కడితో ఆపేస్తారు. అమెరికాలో ఉంటున్న నన్ను మాత్రం తర్వాతి సంగతే ఎక్కువ పట్టుకుంది. యుద్ధం ముగిశాక అతను ఇక్కడికి వలస రావాలనుకున్నాడు. చైనీయుల మీద నిషేధాన్ని 1943లో ఎత్తేసినా, కోటా ఏడాదికి 105 మందికే. అది నిండిపోయింది. సెనేటర్ వారెన్ మాగ్నసన్ పూనుకుంటే ప్రత్యేక అనుమతి వచ్చింది. 1991లో బ్రూక్లిన్‌లో కన్నుమూశాడు.

మనకూ అలాంటి లెక్కే ఉండేది. 1946 చట్టం భారతీయులకిచ్చిన కోటా ఏడాదికి 100. 1965 చట్టం ఆ పద్ధతిని మార్చాకే మన డాక్టర్లూ, ఇంజనీర్లూ పెద్దసంఖ్యలో రాగలిగారు. మన చదువుతోనే వచ్చామని పిల్లలకి చెప్పుకుంటాం. సముద్రాన్ని గెలిచినవాడికే సెనేటర్ సాయం కావలసివచ్చిందని కూడా చెబుదాం. ఇప్పుడు గుమ్మం బయట నిలబడ్డవాళ్ళకి ఏ సెనేటరూ తెలియదు.