సహసంబంధ నాడీకణాలు

మెదడు, వెన్నుపాములలో ఉంటూ జ్ఞాన (అభివాహి) నాడీకణాలను చాలక (అపవాహి) నాడీకణాలతో కలిపే కణాలు. మనిషి నాడీకణాలలో అత్యధిక భాగం ఇవే.

పనితీరు: పొలం గట్టు మీద నడిచేవారి కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే, ఆ సంకేతం జ్ఞాన నాడి ద్వారా వెన్నుపాముకు చేరుతుంది. అక్కడి సహసంబంధ కణాలు కాలిని మడిచే కండరాలను ప్రేరేపించి, వాటి ఎదురు కండరాలను సడలిస్తాయి. మనిషి పడిపోకుండా రెండో కాలిని బిగబట్టి నిలుపుతాయి. నొప్పి మెదడుకు తెలిసేలోపే కాలు పైకి లేస్తుంది. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగిరే ప్రతిచర్యలో మాత్రం జ్ఞాన నాడి నేరుగా చాలక నాడినే కలుస్తుంది.

నిరోధక కణాలు: వెన్నుపాములోని రెన్‌షా కణాలు గ్లైసిన్ అనే నిరోధక రసాయనాన్ని విడుదల చేసి చాలక కణాలను అదుపులో ఉంచుతాయి. గోదావరి మన్యం అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లో ఈ అదుపును తప్పించే స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. 1818లో ఈ జాతి గింజల నుంచి వేరుచేసిన ఈ పదార్థం గ్లైసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. ధనుర్వాతం కలిగించే బాక్టీరియా విషం గ్లైసిన్‌తో పాటు గాబా అనే మరో నిరోధక రసాయనం విడుదలనే ఆపేస్తుంది. రెండింటిలోనూ పగ్గం తెగిన కండరాలు బిగుసుకుని ఒళ్లు విల్లులా వంగుతుంది. ధనుర్వాతం అన్న పేరు అలా వచ్చిందే.