వేలిముద్ర వేసిన చేతులు

చాలా రోజులుగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళిన తెలుగు స్త్రీలను గురించి ఎక్కడ చదివినా నాకు మా ఊరి అవ్వ ఒకతె గుర్తుకు వస్తుంది. ఆమె ఉద్యమకారిణి కాదు. ఏదో హత్యకేసులో శిక్షపడి, రాయవేలూరు జైలులో కొన్నేండ్లు ఉండి వచ్చిన మనిషి. గిద్దలూరు ప్రాంతంలోని మా పల్లెలో పెద్దలు ఆమె ఎదుట ఆ ప్రసక్తి తెచ్చేవారు కారు. ఆమె లేనప్పుడు మాత్రం తెచ్చేవారు. పదేళ్ళ వయసులో, తెలిసీ తెలియక, "అవ్వా, నువ్వు నిజంగా చంపినావా?" అని అడిగినాను. ఆమె కోప్పడలేదు. "ఏలిముద్ర ఎయ్యమన్నారు నాయనా, ఏసినా" అని, మళ్ళీ వేరుశనక్కాయలు ఒలవడంలో పడిపోయింది.

ఆమె నిర్దోషి అని నేను వాదించబోవడం లేదు. ఆ మాటలో ఉన్న చరిత్ర ఏమిటో తెలుసుకోవాలన్నదే నా ప్రయత్నం.

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు అప్పట్లో మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. అంతకుముందు నల్లమల అంచున ఉన్న పల్లెలో ఒక స్త్రీపై హత్యానేరం వస్తే విచారణ కర్నూలు సెషన్సులో. మరణశిక్ష పడితే మద్రాసు హైకోర్టు ధ్రువీకరించాలి. దీర్ఘకాలం శిక్ష పడిన స్త్రీలను ఉంచిన పెద్ద జైలు రాయవేలూరులో. ఇంటినుండి ఎవరైనా చూడడానికి రావాలన్నా రైలు మీద రైలు మారవలసిందే. కూలి మానుకొని, అరవదేశం దాకా ఎవరు వస్తారు?

చట్టంలో రక్షణలు లేకపోలేదు. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు నిందితునికి వ్యతిరేకంగా చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టమే చెప్పింది. మేజిస్ట్రేటు ఎదుట నమోదైన ఒప్పుకోలు మాత్రం చెల్లుతుంది. అయితే, "నీవు ఒప్పుకోవలసిన నిర్బంధం లేదు, ఒప్పుకుంటే అది నీకే వ్యతిరేకంగా వాడబడవచ్చు" అని మేజిస్ట్రేటు ముందుగా తెలియజెప్పాలి. నియమం మంచిదే. కానీ అంతవరకు కచేరీ గడప తొక్కని మనిషికి, ఎదుట కూర్చున్న దొర అడిగినదానికి తల ఊపడం తప్ప మరొకటి తెలియని మనిషికి, ఆ హెచ్చరిక ఏ మేరకు చెవికెక్కి ఉంటుంది? తీర్పు ఇంగ్లీషులో వెలువడుతుంది. తనకెందుకు శిక్ష పడిందో ఆమె చదువుకోలేదు.

అదే కాలంలో మరొక విధమైన స్త్రీలు జైళ్ళకు వచ్చినారు. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారికి 1922లో ఒక సంవత్సరం శిక్ష పడింది. క్షమాపణ చెప్పితే విడిచిపెడతామన్నా ఆమె ఒప్పుకోలేదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో ప్రకాశంగారి వెంట నడిచిన దుర్గాబాయిగారు శిక్షపడి రాయవేలూరుకు చేరినారు. 1930, 1933 మధ్య ఆమె మూడుసార్లు జైలుకు వెళ్ళినారు. మదురైలో ఏకాంతవాసం కూడా అనుభవించినారు. వీరికి తాము ఎందుకు జైలులో ఉన్నామో తెలుసు. బయట జయజయధ్వానాలు చేసే జనమున్నారు. మా అవ్వ వంటివారికి ఈ రెండూ లేవు.

ఈ రెండు లోకాలూ ఒకే గోడల నడుమ కలుసుకోవడం వలన ఒక మేలు జరిగింది. జైలులోని సామాన్య ఖైదీ స్త్రీల కథలు దుర్గాబాయిగారు విన్నారు. తమ వాదన చెప్పుకోవడం తెలియక, తాము చేయని నేరాలకు సైతం శిక్ష అనుభవిస్తున్నవారు అందులో ఉన్నారని ఆమె గ్రహించినారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం తనకు అక్కడే కలిగిందని తరువాత చెప్పుకున్నారు. ఆగిపోయిన చదువును మళ్ళీ మెట్రిక్ నుండి మొదలుపెట్టి, 1942లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. 1946లో రాజ్యాంగసభలో అడుగుపెట్టినారు. ఆమె చదువు వెనుక గురువులు ఎందరున్నారో గాని, పేరు తెలియని ఆ ఖైదీలు కూడా ఉన్నారు. చరిత్ర పుస్తకాలలో వారికి ఒక వాక్యమైనా దక్కలేదన్నదే నా బాధ.

తరువాత చట్టం కొంత దూరం నడిచింది. పేదలకు ఉచిత న్యాయసహాయం 1976లో 39-ఎ అధికరణంగా రాజ్యాంగంలో చేరింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీ అయినా ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందవచ్చు. స్త్రీలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు సాధారణంగా అరెస్టు చేయరాదన్న నియమం 2005 సవరణతో వచ్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ నిలిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో తల్లులతో జైలులో ఉండే పిల్లలను గురించి వివరమైన ఆదేశాలిచ్చింది. ఆరేళ్ళ వరకు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. జైలులో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలని వ్రాయకూడదు. ఈ చివరి ఆదేశం చదివినప్పుడు నాకు కన్ను చెమర్చింది. న్యాయస్థానం ఒక పసిబిడ్డకు లోకపు నోటినుండి రక్షణ ఇచ్చింది. మా అవ్వకు అటువంటి రక్షణ ఎవరూ ఇవ్వలేదు. శిక్ష ముగిసి ఇంటికి వచ్చిన తరువాత కూడా బ్రతికినన్నాళ్ళూ ఆమె "జైలుకు పోయొచ్చిన మనిషి"గానే మిగిలింది.

ఇన్ని హక్కులు కాగితం మీద ఉన్నా, ఉన్నవని తెలియని మనిషికి అవి లేనట్టే. ఇక్కడ నాకు మార్కాపురం పలక గుర్తుకు వస్తుంది. మా నేలలోనుండి తవ్వి తీసిన ఆ రాతి మీద దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో ఓనమాలు దిద్దుకున్నారు. ఆ నేల మీదనే పుట్టిన ఆడమనిషి మాత్రం తన బ్రతుకును మార్చివేసే కాగితం మీద వేలిముద్ర వేసింది, అందులో ఏమి వ్రాసి ఉందో తెలియకుండా.

అవ్వ పోయి చాలా ఏళ్ళయినది. ఆనాడు నేనడిగిన ప్రశ్న తప్పు. "చంపినావా?" అని కాక, "ఆ కాగితం నీకు ఎవరైనా చదివి వినిపించినారా అవ్వా?" అని అడిగి ఉండవలసింది. మీ ఊళ్ళలో ఇటువంటి పెద్దవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే, దయచేసి ఆ రెండవ ప్రశ్న అడగండి. చెప్పినది చెప్పినట్టు వ్రాసి పెట్టండి.