డెయిరీబేస్

డెయిరీబేస్ న్యూజీలాండ్ లోని పాడి క్షేత్రాల ఆదాయ వ్యయాలను ఒకే పద్ధతిలో లెక్కించి, పోల్చి చూచుటకు ఉపయోగించే సమాచార నిధి. దీనిని నిర్వహించే డెయిరీఎన్‌జెడ్ 2007లో ఏర్పడినది. పాలపై రైతులు చెల్లించే లెవీ దాని ముఖ్య ఆదాయం.

లెక్కించే పద్ధతి

ఈ దేశంలో పాలను లీటర్లలో గాక, వాటిలోని వెన్న, మాంసకృత్తుల మొత్తం బరువును బట్టి కొలుస్తారు. ఈ ఘనపదార్థాలు కిలోకు అయిన నిర్వహణ వ్యయం, హెక్టారుకు మిగిలిన నిర్వహణ లాభం ప్రధాన కొలమానాలు. పాల ధర రైతు చేతిలో లేదు. సహకార సంస్థ ఫాంటెరా 2013-14లో కిలోకు 8.40 డాలర్లు చెల్లించగా, 2015-16లో 3.90 డాలర్లే చెల్లించినది. అటువంటప్పుడు రైతు అదుపులో ఉండేది ఖర్చే.

నిర్వహణ లాభంలో వడ్డీని, భూమి కౌలును లెక్కించరు. అందువలన అప్పులున్న క్షేత్రాన్ని అప్పులేని దానితో పోల్చవచ్చును. కుటుంబ సభ్యులు జీతం లేకుండా చేసిన పనికి మాత్రం వెలకట్టి ఖర్చులో చేరుస్తారు. లేనిచో ఇంటిల్లిపాదీ ఊరికే శ్రమించే క్షేత్రం, కూలీలను పెట్టుకొన్న దానికంటే సమర్థమైనదిగా కనిపిస్తుంది.

బయటి మేత వాడకాన్ని బట్టి క్షేత్రాలను 5 తరగతులుగా విభజించారు. కొన్న మేతతో పాలు పెరిగినా, వాటి విలువ మేత ఖర్చుకు చాలకపోవచ్చును. నిర్వహణ లాభం బాగున్న క్షేత్రం కూడా వడ్డీ భారంతో కుంగిపోవచ్చును గనుక నగదు మిగులును విడిగా పరిశీలిస్తారు.