మెడ గ్రంథుల లెక్క: నంద్యాల, ఆళ్లగడ్డ రోగుల కోసం ఒక పరిశీలన

నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, మెడ గ్రంథులు కూడా తీసిన రోగి చేతికి వచ్చే బయాప్సీ రిపోర్టులో, ఉదాహరణకు, ఇలాంటి వాక్యం ఉంటుంది: ‘22 శోషరస గ్రంథులు పరిశీలించడమైనది, రెండింటిలో క్యాన్సర్ కణాలున్నవి.’ ఇక్కడ 22 అన్న అంకె రోగిని బట్టి ఎంతవరకు మారుతుందో చూద్దాం.

1. ప్రమాణాలు ఒకటిగా లేవు. క్యాన్సర్ దశల్ని నిర్ణయించే అమెరికన్ సంయుక్త కమిటీ 7వ ముద్రణలో మెడలో ఎంపిక చేసిన భాగాల తొలగింపులో కనీసం 6, సమగ్ర తొలగింపులో కనీసం 10 గ్రంథులు సాధారణంగా దొరుకుతాయంది. 8వ ముద్రణలో అవి 10, 15 అయ్యాయి. 2014లో 1,567 మంది రోగులపై వెలువడిన బహుకేంద్ర అధ్యయనం 18 కంటే తక్కువ దొరికినవారి మనుగడ తగ్గినట్టు చూపింది. మొదటివి సాధారణంగా దొరికే సంఖ్యలు, చివరిది మనుగడను బట్టి తేల్చినది. కనుక వీటిని నేరుగా పోల్చడం సరికాదు.

2. రోగికి చెందిన కారణాలు.
(అ) ముందే రేడియేషన్ తీసుకున్న మెడలో గ్రంథులు కుంచించుకుపోతాయి. లెక్క తగ్గడం పలు అధ్యయనాల్లో కనిపిస్తుంది.
(ఆ) వృద్ధుల్లో తక్కువ దొరకవచ్చు. అయితే అది వయసు ప్రభావమా, వారికి సర్జన్ చిన్న ఆపరేషన్ ఎంచుకోవడమా అన్నది విడదీయడం కష్టం.
(ఇ) ముదిరిన వ్యాధికి ఎక్కువ భాగం తీస్తారు కనుక లెక్క పెరగవచ్చు.

3. ల్యాబు పాత్ర. ఫార్మలిన్‌లో నానిన కొవ్వు ముద్దను పాథాలజిస్టు వేళ్లతో నొక్కి చూస్తూ, పలుచగా కోస్తూ వెతుకుతారు. కందిగింజంత గ్రంథి చేతికి తగులుతుంది, ఆవగింజంతది తప్పిపోవచ్చు. అందువల్ల తక్కువ లెక్క సర్జన్ లోపానికి రుజువు కాజాలదు.

4. తొలగింపు విలువ వేరు. ముంబై టాటా మెమోరియల్ 2015లో ప్రచురించిన ప్రయోగంలో, మెడలో గడ్డ కనిపించకముందే గ్రంథులు తీసినవారిలో మూడేళ్ల మనుగడ 80 శాతం, గడ్డ కనిపిస్తేనే తీద్దామని ఆగినవారిలో 67.5 శాతం. ఇది తీయవలసిన వేళను సమర్థిస్తుందే తప్ప ఒక నిర్దిష్ట అంకెను కాదు.

పై ఆధారాలను బట్టి, వయసు, పూర్వ చికిత్స, ఆపరేషన్ పరిధి తెలియకుండా ఆ అంకెను చదవడం ప్రమాదకరమని చెప్పవచ్చు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల మీదుగా కర్నూలుకో, హైదరాబాదుకో వెళ్లే రోగి ఒకచోట రేడియేషన్, మరోచోట ఆపరేషన్ చేయించుకుంటే పాత కాగితాలే ఈ సమాచార లోటును పూరించగలవు. దయచేసి రేడియేషన్ చీటీ, డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు ఒకే ఫైలులో పెట్టుకొని, ప్రతి డాక్టరుకూ చూపించండి.