1934 కేంద్ర శాసనసభ యెన్నిక: గుంటూరు నెల్లూరు మండలములు

ఆంధ్రదేశమున శాసనసభల చరిత్రము వ్రాయువారు సాధారణముగా 1937 నుండి యుపక్రమింతురు. శ్రీ వి. వి. గిరిగారు బొబ్బిలి రాజావారి నోడించిన యా యెన్నిక సుప్రసిద్ధము. కాని జస్టిస్ పక్షము పట్టు సడలినదని అంతకు మునుపే, 1934 సంవత్సరాంతమున జరిగిన కేంద్ర శాసనసభ యెన్నికయందు, స్పష్టమైనది. దాని నుపేక్షించుట న్యాయము గాదు.

సింగరాయకొండనుండి చూచినచో నీ విషయము మఱింత తేటపడును. ఆ గ్రామము నాడు నెల్లూరు మండలమున కందుకూరు తాలూకాలోనిది. దాని కుత్తరముననున్న ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు మండల మేర్పడినపుడు నెల్లూరునుండి వేఱుపడినది. ఒకే నేల, ఒకే యెండ, అవే ప్రత్తిచేలు, అవే మిరపతోటలు. కచ్చేరీలు మాత్రము రెండు. కేంద్రసభకు ఈ రెండు మండలముల మహమ్మదీయేతర గ్రామీణులకును గలిపి యొకే నియోజకవర్గ మేర్పఱుపబడెను. పాలకులు విడదీసిన సీమ యోటునకు మరల నొకటియైనది! (పరిపాలనయం దీ తాలూకాలు మరల గలియుట 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు.)

ఓటుహక్కు మిక్కిలి సంకుచితము. బ్రిటిషిండియా యంతటను ఓటర్లు రమారమి 14 లక్షలు. వారిలో నోటు వేసినవారు 6 లక్షలకు కొంచె మెక్కువ. గ్రామములలో హెచ్చుగా భూమిశిస్తు చెల్లించువారికే యీ హక్కు, కూలివానికి లేదు. ఆస్తిపరులు ప్రభుత్వమునకు విధేయులై యుందురని 1919 చట్టకర్తలు తలచియుందురు. ఆ లెక్క యిచ్చట తాఱుమాఱైనది. 1929 తరువాత ధరలు పడిపోయినవి. శిస్తు మాత్రము రూపాయలలోనే నిలిచినది. మునుపటికంటె నెక్కువ పంట నమ్మిననేగాని కిస్తు తీఱదు. శిస్తును బట్టి యోటిచ్చినందున శిస్తే యెన్నికలో వివాదాంశమయ్యెను. నా యభిప్రాయమున నీ ఫలితమునకు మూలమిదియే; స్వరాజ్యాభిమానము దీనికి బలము చేకూర్చినది.

1930లో నెన్నికలను బహిష్కరించిన కాంగ్రెసు, 1934 మేనెలలో పాట్నాయందు పోటీకి నిశ్చయించెను. ఈ నియోజకవర్గమున గెలిచినవారు నిడుబ్రోలువాస్తవ్యులగు ఆచార్య ఎన్. జి. రంగాగారు. ఆక్స్‌ఫర్డులో నర్థశాస్త్రము చదివి, పచ్చయప్ప కళాశాలలో బోధించినవారు. రైతుల యప్పులను, జమీందారీ కష్టములను వాదముగా నెత్తుకొన్నవారు. వెంకటగిరి జమీందారీ గల మండలమున నిది సామాన్యమైన మాట గాదు.

ఇతరత్ర గిరిగారును, కాశీనాథుని నాగేశ్వరరావుగారును, అనంతశయనం అయ్యంగారును గెలిచిరి. ఒట్టావా యొడంబడికను సమర్థించిన సభాధ్యక్షుడు షణ్ముఖం చెట్టిగారు మద్రాసు వర్తక నియోజకవర్గమున సామి వెంకటాచలం చెట్టిగారి చేతిలో నోడిపోయిరి.

మూడేండ్లకని యెన్నుకొనబడిన యాసభ పలుమాఱులు పొడిగింపబడి 1945 వఱకు నిలిచెను. ఈ పదునొకండేండ్లలో నోటరుల పట్టికకు బయటనున్న కూలివానికి గాని, పట్టికలోని రైతునకు గాని తన ప్రతినిధిని మార్చుకొను సాధారణ యెన్నిక కేంద్రసభకు మఱొకటి రాలేదు.