సరిహద్దు మిగిలింది, సభ పోయింది

కెనడా తూర్పు తీరాన న్యూబ్రన్స్‌విక్ రాష్ట్రంలో, సెయింట్ జాన్, కెనెబెకాసిస్ నదుల నడుమ సాగిన నేల కింగ్‌స్టన్ పారిష్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ పక్షాన నిలిచి ఓడిన లాయలిస్టులు 1783లో ఇక్కడికి చేరారు. 1784లో నోవాస్కోషియా నుంచి రాష్ట్రం విడిపోయింది. 1786 చట్టం కౌంటీలను పారిష్‌లుగా పంచింది. పారిష్ అన్న పేరు చర్చిదే అయినా పని సర్కారుది. కంచెలు చూసేవారిని, పేదల బాగోగులు చూసేవారిని కౌంటీ మేజిస్ట్రేట్లు నియమించేవారు. పేదల భారం పారిష్‌దే కావడంతో, 19వ శతాబ్దంలో, కింగ్‌స్టన్ ఉన్న కింగ్స్ కౌంటీలో నిరుపేదలను వేలం వేశారు. తక్కువ సొమ్ముకు పోషిస్తానన్నవాడికే అప్పగింత. స్థానిక పాలన అనగానే మురిసిపోయేవారు ఈ వేలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1877లో ఎన్నికైన కౌంటీ కౌన్సిళ్లు తప్పనిసరయ్యాయి. పారిష్ తన ప్రతినిధిని పంపేది. అయితే ఆస్తి పన్ను తక్కువ వచ్చే కౌంటీలో బడీ ఆసుపత్రీ అంతంతమాత్రమే. ఆ లోటు ఎక్కువగా ఫ్రెంచ్ మాట్లాడే అకేడియన్లకు తగిలింది. స్థానిక పన్నులను పరిశీలించిన బర్న్ కమిషన్ 1963 నివేదిక ఆధారంగా, ప్రీమియర్ లూయీ రొబిషో ప్రభుత్వం 1967 నుంచి కౌంటీ కౌన్సిళ్లను రద్దుచేసి చదువు, వైద్యం, సంక్షేమం, న్యాయం రాష్ట్రం చేతిలోకి తీసుకుంది. అందులో న్యాయముంది. కానీ బడులను సమం చేయడానికి పల్లె ఓటును తీసేయాల్సిన పనేముంది? గ్రామీణ ప్రాంతాలు స్థానిక సేవా జిల్లాలయ్యాయి. అగ్నిమాపక సేవ, చెత్త సేకరణ లాంటివాటి నిర్వహణ రాష్ట్ర మంత్రి చేతిలో, సలహా మాత్రం ఊరి సంఘం నోట.

పల్లెలే కౌన్సిల్ వద్దన్నాయి కదా అనవచ్చు. పన్ను పెరుగుతుందన్న భయంతో చాలాచోట్ల నిజంగానే వద్దన్నారు. అయితే ఓటు కావాలంటే ఖర్చు మొయ్యండి, వద్దంటే పన్ను తక్కువ అని బేరం పెట్టింది రాష్ట్రమే. అలాంటి బేరంలో వచ్చిన జవాబును ఇష్టమని ఎలా అనగలం? జనం మరీ తక్కువన్న వాదన ఇంకాస్త బలమైనదే. కానీ దానికి విరుగుడు ఊళ్లను కలపడం, ఓటును ఎత్తేయడం కాదు.

2021 నాటికి రాష్ట్ర జనాభాలో దాదాపు 30 శాతానికి ఎన్నికైన స్థానిక మండలి లేదు. 2023 జనవరి 1న 340 విభాగాలను 89కి కుదించారు: 77 స్థానిక ప్రభుత్వాలు, 12 గ్రామీణ జిల్లాలు. పారిష్ హద్దులు మాత్రం ప్రాదేశిక విభజన చట్టంలో అలాగే ఉన్నాయి. ఊళ్లను కలిపినచోట ఓటు తిరిగొచ్చింది, అది మెచ్చదగ్గదే. గ్రామీణ జిల్లాల వాసులకు దక్కింది మళ్లీ సలహా సంఘమే. తుది నిర్ణయం ఇప్పటికీ రాజధాని ఫ్రెడరిక్టన్‌లోని మంత్రిదే.